లవంగ నూనె వాసన వెనుక

ఇంట్లో అందరూ ఆమెను బూజమ్మ అనే పిలిచేవారు. ఎనిమిదేళ్ళ వయసులో మంచం కింద అట్టపెట్టెలో రొట్టెముక్కలు దాచుకుని, వాటి మీద బూజు పచ్చగా, నల్లగా ఎలా పాకుతుందో రోజూ భూతద్దం పెట్టి చూసుకునేది. వాళ్ళమ్మ ఒకనాడు ఊడుస్తూ ఆ పెట్టెను బయటికి లాగి, మూత తీసి, చీపురు అక్కడే పారేసి పరుగెత్తింది. ఆ రోజు పడ్డ పేరు ముప్పయ్యేళ్ళు దాటినా వదల్లేదు. సూక్ష్మజీవుల శాస్త్రం చదివి, తెల్లకోటు తొడుక్కుని అన్నయ్య ఫ్యాక్టరీలో ల్యాబు చూసుకుంటున్నా సరే, ప్యాకింగ్ గదిలోని ఆడవాళ్ళు ఆమె అటు తిరగ్గానే ఆ పేరే అనుకుని నవ్వుకునేవారు. ఆమె విననట్టు ఊరుకునేది. నిజానికి ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వమే.

అన్నయ్యది పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు. కింద రెండు స్టీలు తొట్లు, పాలు కాచే యంత్రం, తెల్ల టైల్స్ పరిచిన ప్యాకింగ్ గది, చల్లగది. మెట్ల కింద ఇరుకు గదిలో ల్యాబు. పైన ఇల్లు. పాలను కాచి, విరగ్గొట్టి, మీగడ కలిపి మెత్తటి చీజ్ తయారుచేసి, అరచేతిలో ఇమిడే డబ్బాల్లో నింపి అమ్మేవాళ్ళు. తొట్ల దగ్గర పనంతా మావయ్యది. వాళ్ళమ్మకు తమ్ముడాయన. పాలు విరగ్గొట్టేంత వేడెక్కాయో లేదో థర్మామీటరు చూడకుండా తొట్టికి మోచెయ్యి ఆనించి చెప్పేయగలడని ఆయనకు పేరు.

ఆ చీజ్ పది రోజులకు మించి నిలిచేది కాదు. పదకొండో రోజు మూత కింద పుల్లటి వాసన, పన్నెండో రోజు అంచున బూజు. నగరంలోని పెద్ద దుకాణాలవాళ్ళు నెల రోజులు నిలవుండాలన్నారు. మళ్ళీ వాళ్ళే, డబ్బా మీద రసాయనం పేరొక్కటి కూడా కనబడకూడదన్నారు. అన్నయ్య తల పట్టుకున్నాడు. బూజమ్మకు మాత్రం ఉత్సాహం వచ్చింది. చదువుకునే రోజుల నుంచీ ఆమె మనసులో ఉన్న సంగతి అది. మొక్కల్లోంచి తీసే సుగంధ తైలాలకు క్రిముల్ని చంపే గుణం ఉంది. దాంతోనే తిండిని కాపాడుకోవచ్చు కదా అని.

మూడు నెలలపాటు ఆమెకు అదే లోకం. లవంగం, వాము, దాల్చినచెక్క, నిమ్మగడ్డి, పుదీనా తైలాలన్నీ బొటనవేలంత గోధుమరంగు సీసాల్లో తెప్పించుకుంది. గాజు ప్లేట్లలో జెల్లీ పోసి, దాని మీద క్రిముల్ని పరిచి, మధ్యలో నూనెలో తడిపిన చిన్న కాగితపు బిళ్ళ పెట్టేది. మర్నాటికి ప్లేటంతా మసకగా క్రిములు మొలిచేవి. బిళ్ళ చుట్టూ మాత్రం కడిగిన అద్దంలా ఖాళీ వలయం. నూనె బలాన్నిబట్టి ఆ వలయం వెడల్పు. ఆమె స్కేలు పెట్టి కొలిచి పుస్తకంలో రాసుకునేది. లవంగ నూనె, వాము నూనె కలిపితే వచ్చిన వలయం ముందు మిగతావన్నీ తేలిపోయాయి.

"చూడు అన్నయ్యా. ఈ ఖాళీలో ఒక్కటంటే ఒక్కటి బతకలేదు" అంది ప్లేటును వెలుతురుకు ఎత్తి పట్టుకుని.

అన్నయ్య చాలాసేపు చూశాడు. "నీ బూజుపిచ్చి ఇన్నాళ్ళకు అక్కరకొచ్చిందే" అన్నాడు. అంతకంటే మెచ్చుకోవడం వాడికి ఎప్పుడూ చేతకాదు.

చిక్కంతా రుచి దగ్గర వచ్చింది. నూనె కలిపిన మొదటి డబ్బాను వదిన చేతికిచ్చారు. అప్పటికి వదినకు ఐదో నెల. ఏది చూసినా వెగటు పుట్టే రోజులు పోయి, ఏది చూసినా తినాలనిపించే రోజులు వచ్చాయి. అలాంటి మనిషి కూడా ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఏమనుకోకు బూజమ్మా. పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నట్టుంది."

నూనె తగ్గించారు. మళ్ళీ తగ్గించారు. మూడో వంతుకు దించాక వదిన చెంచా ఆపలేదు. "ఇప్పుడు బాగుంది. తినగా తినగా ఇంకా బాగుంది" అని డబ్బా ఖాళీ చేసేసింది. ఆ మూడో వంతు మోతాదుకు ప్లేటులో వలయం సన్నబడింది గానీ ఉండడం మాత్రం ఉంది.

అసలు పరీక్ష ఇంకొకటి మిగిలింది. జెల్లీలో కాదు, చీజ్‌లోనే. డబ్బాల్లోకి కావాలని లిస్టీరియా అనే క్రిమిని వదిలి, తాళం వేసిన వేరే ఫ్రిజ్‌లో పెట్టి, నలభై రోజులపాటు వారానికోసారి తీసి లెక్కచూడాలి. మిగతా క్రిములు చలికి ముడుచుకుపోతాయి. ఇది మాత్రం ఫ్రిజ్‌లో కూడా తాపీగా పెరుగుతుంది. నలభై రోజులా అని అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. దుకాణాలవాళ్ళు రెండు వారాల్లో సరుకు కావాలంటున్నారు.

"ప్లేట్లో చచ్చింది, డబ్బాలో చావదా?"

ఆ ప్రశ్నకు జవాబు బూజమ్మకు తెలుసు. చీజ్‌లో మీగడ ఉంది. నూనె పోయి ఆ కొవ్వులో కలిసిపోతుంది. క్రిములేమో కొవ్వు మధ్య ఉండే తడిలో బతుకుతాయి. చంపాల్సింది ఒకచోట, చావాల్సింది ఇంకోచోట. ఇదంతా ఆమె చదివిందే. పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదే. కానీ మూడు నెలలుగా ఆ వలయాలను చూసి చూసి వాటి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. వాము నూనె అంత తేలిగ్గా ఓడిపోదులే అనిపించింది. పైగా తయారీ గదులన్నీ శుభ్రంగానే ఉన్నాయి, లిస్టీరియా ఇక్కడికెందుకు వస్తుంది? నలభై రోజుల పరీక్ష ఒకపక్క నడుస్తూనే ఉంటుంది, సరుకు ఒకపక్క వెళుతుంది అనుకుంది. అనుమతి కాగితం మీద సంతకం చేసింది.

మొదటి వారం, రెండో వారం అంతా పండగలా గడిచింది. దుకాణాల్లో డబ్బాలు పెట్టినవి పెట్టినట్టు అమ్ముడుపోతున్నాయి. బూజమ్మ తన బల్ల మీద చిన్న ఫ్రిజ్‌లో ఒక డబ్బా ఉంచుకుని రోజూ మూత తీసి వాసన చూసేది. పన్నెండో రోజు, పదహారో రోజు, ఇరవయ్యో రోజు అదే తెలుపు, అదే నునుపు, అదే సన్నటి లవంగం వాసన. మావయ్య ఆ డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు.

"ఏంటి మావయ్యా?"

"ఏం లేదు. నలభై ఏళ్ళుగా పాలతో బతుకుతున్నా. ఇన్ని రోజులున్న పాలు ఏదో ఒకటి చెప్పాలే. ఇది నోరు మెదపట్లేదు." డబ్బా మూసి అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆమె చెవిలో ఉండిపోయింది. మర్నాడే ఇరవైఒకటో రోజు లెక్క.

చీజ్‌ను నీళ్ళలో కలిపి, పలచన చేసి, లిస్టీరియా తప్ప ఇంకేదీ మొలవని జెల్లీ మీద పోసింది. ఏడో రోజు లెక్కలో క్రిములు వేసినన్నే ఉన్నాయి. పద్నాలుగో రోజు కాస్త పెరిగాయి. చెయ్యి అటూ ఇటూ అయి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది. ఈసారి రెండు రోజుల తర్వాత ఇంక్యుబేటరు తలుపు తీసి చూసింది. ప్లేటు నిండా నల్లటి మచ్చలు. ఒక్కో బూడిదరంగు చుక్క చుట్టూ ఒక్కో నల్లటి వలయం. లెక్కపెట్టడానికి వీల్లేదు, లక్షల్లో ఉంటాయి.

అదే డబ్బాను ఇటు తిప్పి మూత తీసింది. లవంగం వాసన. అంచున బూజు లేదు. చెంచాతో తీస్తే తీగలు సాగలేదు, నీరూరలేదు. పులిసిపోయే క్రిముల్ని, బూజును నూనె నొక్కేసింది. ఇంతకాలం మనుషులకు చెడు వాసనతో ముందే కబురు చెప్పింది అవే. ఇప్పుడు చెప్పేవాళ్ళెవరూ లేరు. అసలు శత్రువుకు ఇల్లు ఖాళీ చేసిపెట్టినట్టయింది.

ఇవి తాను చేతులారా క్రిములు వేసిన డబ్బాలు కదా, దుకాణానికి వెళ్ళినవి కావు కదా అనుకుంది. దుకాణానికి పంపిన ప్రతి విడతలోనూ కొన్ని డబ్బాలు నమూనాగా దాచి ఉంచేవారు. వాటిలోంచి ఆరు తీసి పరీక్షకు పెట్టింది. ప్యాకింగ్ గదిలో దూదిపుల్లలు పట్టుకుని బల్లలు, గొట్టాలు, నేల మూలలు అన్నీ తుడిచింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు "ఏంటమ్మా, బంగారం గానీ పోయిందా" అని నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఫలితానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. తర్వాత జీవితంలో ఆమె తనను క్షమించుకోలేనివి రెండు. ఒకటి సంతకం, రెండోది ఆ నాలుగు రోజులు.

నేలలో నీళ్ళు పోయే జాలీ కింద ఉంది. డబ్బాలు నింపే యంత్రం మూతికి తొడిగిన రబ్బరు ఉంగరంలో ఉంది. ఆరు డబ్బాల్లో రెండింట్లో ఉంది.

అన్నయ్య గదిలో ఫోను మాట్లాడుతున్నాడు. ఆమె ప్లేటును బల్ల మీద పెట్టి నిలబడింది. వాడు ఫోను పెట్టేసి, చెప్పినదంతా విన్నాడు. మొహంలో రంగు మారలేదు. ఫ్రిజ్‌లోంచి కొత్త డబ్బా ఒకటి తీసి, మూత ఊడబెరికి, వేలితో తీసుకుని నాక్కున్నాడు.

"ఇదిగో తిన్నా. ఏమైంది నాకు? నెల నుంచీ తింటూనే ఉన్నా."

"నీకేం కాదన్నయ్యా. నీలాంటివాళ్ళకు మహా అయితే ఒకరోజు కడుపు కదులుతుంది. ముసలివాళ్ళకి, జబ్బుతో ఉన్నవాళ్ళకి... కడుపుతో..."

మాట అక్కడ తెగిపోయింది. అన్నయ్య వేలు నోటి దగ్గరే ఉండిపోయింది. ఇద్దరూ ఒక్కసారే పైకప్పు వైపు చూశారు. పైన వంటింట్లో కుర్చీ జరిపిన చప్పుడైంది.

మెట్లెక్కేటప్పుడు బూజమ్మకు ఒక్కో మెట్టూ నడుమెత్తు అనిపించింది. వదిన కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, రొట్టె మీద చీజ్ పూసుకుంటోంది. ఎదురుగా సగం ఖాళీ అయిన డబ్బా. ఎండ ఆమె పొట్ట మీద పడుతోంది.

"అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి ఊడిపడ్డారేంటి? ఆకలేస్తోందా?"

"వదినా, నీకు ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉంది. రెండ్రోజుల్నించి కాస్త ఒళ్ళు వెచ్చబడుతోంది. నడుం లాగేస్తోంది. ఏడో నెల కదా, మామూలేనంట." రొట్టె కొరకబోతూ వాళ్ళ మొహాలు చూసి ఆగింది. "ఏమైంది?"

అన్నయ్య ఆమె చేతిలోంచి రొట్టె తీసుకున్నాడు. చాలా నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్ల చేతిలోంచి బొమ్మ తీసుకున్నట్టు తీసుకున్నాడు. చెప్పింది బూజమ్మే. వదిన విన్నంతసేపూ రెండు చేతులూ పొట్ట మీద ఆనించుకుని కూర్చుంది. చివరికి ఒకటే అడిగింది.

"రోజూ పొద్దున కదులుతుంది. ఇవాళ ఇంకా కదల్లేదు. అది దీనివల్లేనా?"

ఆస్పత్రిలో డాక్టరమ్మ జ్వరం చూసి, పొట్టలో బిడ్డ గుండెచప్పుడు బాగానే ఉందంది. జలుబులాంటిదే, విశ్రాంతి తీసుకుంటే తగ్గిపోతుందంది. బూజమ్మ చేతిసంచిలోంచి, మూడు పొరల సంచుల్లో చుట్టిన ప్లేటు తీసి ఆమె బల్ల మీద పెట్టింది.

"మేడమ్, ఈవిడ నెల రోజులుగా తిన్న చీజ్‌లో ఉన్నది ఇది. చేసింది మేమే. పరీక్షించింది నేనే. రక్తం తీసి పంపండి. ఫలితం వచ్చేదాకా ఆగకుండా మందు మొదలుపెట్టండి."

డాక్టరమ్మ ప్లేటు వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూసింది. ఇంకేం మాట్లాడకుండా నర్సును పిలిచింది. సూది మందు గంటలోపే మొదలైంది. రక్తంలో లిస్టీరియా ఉందని రెండు రోజులకు తేలింది. మూడో రోజు మధ్యాహ్నం నొప్పులొచ్చాయి.

ఆడపిల్ల. అన్నయ్య అరచేయంత వీపు. పుట్టగానే ఏడవలేదు. లోపల ఏవో పనులు జరిగాయి, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. చాలాసేపటికి పిల్లి కూనలాంటి సన్నటి గొంతు వినబడింది. పాపను అద్దాల పెట్టెలో పెట్టి, వేళ్ళంత లావు కూడా లేని కాళ్ళకు గొట్టాలు తగిలించారు. బతుకుతుంది అన్నారు. మెదడుకు పాకిందో లేదో ఇప్పుడే చెప్పలేం, చెవులు, చూపు, నడక అన్నీ ఎదిగేకొద్దీ చూసుకుంటూ పోవాలి అన్నారు. వదిన బూజమ్మను లోపలికి పిలవమంది. వచ్చాక, "నువ్వు ఆ ప్లేటు చూపించకపోతే ఇంటికి పంపేసేవాళ్ళంట" అంది. తిట్టినా బాగుండేది.

ఈలోగా అన్నయ్య తొట్లు ఆపించాడు. దుకాణాల్లో మిగిలినవన్నీ వెనక్కి వచ్చాయి. ఇళ్ళకు వెళ్ళిపోయినవే రాలేదు. దుకాణాలవాళ్ళిచ్చిన చిరునామాలు పట్టుకుని బూజమ్మ, మావయ్య వీధులన్నీ తిరిగారు. కొందరు గుమ్మంలోనే మూత తీసి వాసన చూశారు.

"శుభ్రంగా ఉంది కదమ్మా, ఎందుకు పారెయ్యడం?" అంది ఒకావిడ.

"వాసన చూడకండమ్మా. దీనికి వాసన రాదు" అన్నాడు మావయ్య.

"వాసన రాకపోతే మరి పాడైందని ఎలా చెప్తున్నారు?"

మావయ్య బూజమ్మ వైపు చూశాడు. ఆమె మొదటినుంచీ చెప్పింది. ఆవిడ తల ఊపి, డబ్బా ఇవ్వబోయి మనసు మార్చుకుని, "మా వాళ్ళకి ఇష్టం. ఈ పూటకు ఉండనీండి" అని తలుపు వేసుకుంది. మావయ్య ఆ తలుపు ముందు కదలకుండా నిలబడ్డాడు. మూడుసార్లు తలుపు కొట్టాక, కాళ్ళు పట్టుకుంటానన్నాక, ఆవిడ విసుక్కుంటూ డబ్బా చేతిలో పెట్టింది.

ఆరోగ్య శాఖ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నగరంలో ఇదే క్రిమితో నలుగురు ఆస్పత్రి పాలయ్యారనీ, వారిలో ఒక పెద్దాయన పోయాడనీ చెప్పాడు. కాగితాలు అడిగాడు. అన్నయ్య అనుమతి కాగితం అందిస్తూ, "నిర్ణయం నాదే సార్, నేనే తొందరపెట్టాను" అన్నాడు. బూజమ్మ కాగితాన్ని తన వైపు తిప్పుకుని, వేలు పెట్టి చూపించింది. "సంతకం నాది. నేను చెయ్యనంటే ఒక్క డబ్బా కూడా కదిలేది కాదు." ఇన్‌స్పెక్టరు ఇద్దరి మాటలూ రాసుకున్నాడు. ఫ్యాక్టరీకి తాళం వేశారు. విచారణ నడుస్తుందన్నారు.

పోయిన పెద్దాయన ఇల్లు ఆమె తనంతట తానే వెతుక్కుంటూ వెళ్ళింది. మావయ్య వద్దన్నాడు, అన్నయ్య వద్దన్నాడు. రెండో అంతస్తు, ఆకుపచ్చ తలుపు. తలుపు తీసింది ఆయన కూతురు, దాదాపు బూజమ్మ వయసే. చంకలో ఏడాది పిల్లాడు. బూజమ్మ తానెవరో గుమ్మంలోనే చెప్పేసింది. లోపలికి రానిచ్చాక చెప్పడం మోసమనిపించింది.

ఆమె కేకలేమీ పెట్టలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చింది. ముందు గదిలో పెద్దాయన కుర్చీ గోడకు తిప్పేసి ఉంది.

"నాన్నకు కిడ్నీ ఆపరేషన్ అయింది. రసాయనాలు పడవన్నారు. అందుకే వెతికి వెతికి మీది కొన్నాను" అంది కూతురు. "డబ్బా మీద ఉన్నదంతా చదివి కొన్నాను."

బూజమ్మకు కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు.

"అమ్మేముందు మీరు పరీక్ష చెయ్యలేదా?"

"చేశాను. సగమే చేశాను. మిగతా సగం పూర్తయ్యేదాకా ఆగలేదు."

పిల్లాడు తల్లి భుజం మీది గుడ్డను నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. ఆమె దాన్ని వాడి నోట్లోంచి తీసి, వాడి పెదాలను అరచేత్తో తుడిచింది. ఒకసారి తుడిచి, మళ్ళీ తుడిచింది.

"అదే డబ్బాలోంచి వీడికి కూడా పెట్టాను. నాన్న ఆస్పత్రికెళ్ళడానికి ముందు రోజు. రెండు చెంచాలు." గొంతు మామూలుగానే ఉంది. "ఇప్పుడు బాగానే ఉన్నాడు. బాగానే ఉన్నాడు కదా అనుకోవచ్చా?"

బూజమ్మ అబద్ధం చెప్పాలనుకుంది. నోటి దాకా వచ్చింది కూడా.

"ఇంకా అనుకోవడానికి లేదండీ. తిన్న రోజు నుంచి డెబ్బై రోజుల దాకా ఎప్పుడైనా బయటపడొచ్చు. జ్వరం వచ్చినా, పాలు తాగనన్నా, ఎప్పుడూ లేనంత మత్తుగా పడుకున్నా, ఆ గంటలోనే తీసుకెళ్ళండి. వెళ్ళి ఈ క్రిమి పేరు చెప్పండి. నేను రాసిస్తాను."

సంచిలోంచి కాగితం తీసి, పేరు పెద్ద అక్షరాలతో రాసింది, దాని కింద తన ఫోను నంబరు వేసింది. కూతురు దాన్ని తీసుకుని ఒకసారి చదువుకుంది. తర్వాత గోడకున్న క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, పిల్లాణ్ణి చంక మార్చుకుని, వేలితో రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ పేజీ అయిపోయింది. తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. వెళ్ళమని గానీ ఉండమని గానీ అనలేదు. బూజమ్మ గుమ్మం దగ్గర చెప్పులేసుకోకుండా అలాగే నిలబడి ఉంది. పిల్లాడు తల్లి భుజం మీదుగా ఆమెను చూసి, చెయ్యి చాచి, నవ్వాడు.